సర్కారువారి శుక్రవారం దుఃఖం

వచ్చే శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నర మొదలు పదిన్నర వరకు సర్కారువారు చింతామణిలో దుఃఖించబోతున్నారని ముందుగా టముకు వేసి చెప్పినవాడు ఊళ్ళో తోటిపని చేసే ఈరప్ప. తర్వాత అదే సంగతిని పత్రికలో రాసినవాణ్ణి నేను. ఈరప్ప టముకు ఊరంతా విన్నది. నా పత్రిక వేయించుకునేవాళ్ళు ఊరికి నలుగురు కూడా లేరు. అందుకని ఈరప్ప మాటలే ఇక్కడ దించుతున్నాను.

"వినండప్పో వినండి! యుద్ధంలో ప్రాణమిచ్చిన మన తాలూకా వీరుడి పెండ్లానికి సర్కారోళ్ళు మెడల్ ఇస్తాండారు! బెంగళూరు నుంచి కర్నల్ దొర వస్తాండాడు, దొరసాని వస్తాండాది! అందరూ ఉతికిన గుడ్డలు కట్టుకోని రావాల! ఎవరూ నగకూడదు! పదిన్నరకి రాహుకాలం, దాన్లోపల దుఃఖం అయిపోతాది!"

ఆఖరి మాట మా తాలూకా అధికారి అమల్దారు గారు స్వయంగా చెప్పి పలికించినది. రాహుకాలంలో మొదలుపెట్టిన దుఃఖం ఒక పట్టాన ముగియదని వారి నమ్మకం.

ఇది నలభై మూడులో, మైసూరు సంస్థానంలో మాట. అప్పట్లో నేను వేరుశనగ మండీలో గుమాస్తాగా ఉంటూ, బెంగళూరి పత్రిక ఒకదానికి చింతామణి విలేకరిగా కూడా ఉండేవాణ్ణి. మా అమల్దారు శ్యామసుందరరావు గారు నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు. "ప్రెస్ వచ్చిందా?" అని అడిగేవారు. వచ్చిందంటే జవాను కుర్చీ వేసేవాడు. అంత మర్యాద చేసిన అధికారిని గురించి ఏ విలేకరైనా మంచే రాస్తాడు. నేనూ రాశాను. ఇప్పుడూ అదే పని చేస్తున్నాను.

అమల్దారు గారి కార్యదీక్ష మా కోలారు జిల్లాలోనే పేరు మోసింది. యుద్ధానికి ఇనుము సేకరించమని పైనుంచి ఆర్డరు వస్తే వారు మొట్టమొదట సేకరించింది మిడిల్ స్కూలు గంట. అది పోయాక బడి ఎప్పుడు వదలాలో మేష్టర్లకు తెలియక, పిల్లలు దీపాలు పెట్టేదాకా ఎక్కాలు వల్లిస్తూ ఉండేవారు. చింతామణిలో విద్యాభివృద్ధి అని ఆ సంగతి కూడా నేనే రాశాను.

అట్లాంటి అమల్దారు గారికి ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రతి తాలూకాలోనూ యుద్ధంలో పోయిన సిపాయి భార్యను ఒకామెను సభలో నిలబెట్టి, వీరపత్ని అని సన్మానించి, మెడల్ ఇవ్వాలి. అది చూసి కుర్రవాళ్ళకు ఉత్సాహం పుట్టి పట్టాళంలో చేరతారు. మొగుడు పోయిన ఆడమనిషిని చూస్తే కుర్రవాళ్ళకు ఉత్సాహం ఎందుకు పుడుతుందో సర్క్యులర్‌లో లేదు.

అమల్దారు గారు తమ కింది రెవెన్యూ ఉద్యోగి శేకుదారు వెంకటేశప్పను పిలిపించారు. తాలూకాలో ఎవరింట్లో ఏ గొడ్డు ఈనిందో కూడా తెలిసినవాడు శేకుదారు.

"మన దగ్గర స్టాకెంత ఉంది వెంకటేశప్పా?"

"ఒకామె ఉండాది సామీ. కెంచార్లహళ్ళి మునిలక్ష్మమ్మ. మొగుడు మునినారాయణ సింగపూరులో పొయ్యినాడు."

"ఒక్కతేనా? బాగేపల్లికి?"

"బాగేపల్లికి ఇద్దరుండారు. చిక్కబళ్ళాపురానికే ఒక్కరూ లేరు."

"పాపం! ఆ అమల్దారు డిప్టీ కమిషనర్‌కు మొహం ఎట్లా చూపిస్తాడు?"

"బాగేపల్లి నుంచి ఒకామెను బదిలీ మీద ఇయ్యమని అడిగినాడంట సామీ. వాళ్ళు కుదరదనిరంట."

"ఎందుకిస్తారు? మన మర్యాదకు ఒక్కతె చాలు," అన్నారు అమల్దారు గారు తృప్తిగా.

ఇక్కడ ఒక చిన్న చిక్కు వచ్చింది. యుద్ధకాలంలో పొదుపు అవసరం గనక, ఒకే పందిరి కింద రెండు కార్యాలు జరపాలని అమల్దారు గారు అంతకు ముందే నిశ్చయించారు. ఆ దొరసాని చేతి మీదుగానే, ఆ శుక్రవారమే, ఊరికి కొత్తగా రాబోతున్న ప్రసూతి ఆసుపత్రికి శంకుస్థాపన. ఆ కార్యాన్ని నడిపేది మహిళా సమాజం. మహిళా సమాజానికి అధ్యక్షురాలు అమల్దారు గారి భార్య అంబుజాక్షమ్మ గారు. శ్యామసుందరరావు గారు తాలూకా మొత్తానికి అమల్దారే గాని వారి ఇంటికి మాత్రం కారు.

"పురిటాసుపత్రికి పునాది వేసే పందిట్లోకి విధవరాలిని తెస్తారా? అదీ శుక్రవారం పూట?" అన్నారు ఆవిడ.

"విధవరాలు కాదే, వీరపత్ని."

"ఆ వీరుడు బతికున్నాడా?"

"బతికుంటే వీరుడెట్లా అవుతాడు?"

"అయితే విధవరాలే. ఆమె రాకుండా సన్మానం చేసుకోండి."

"ఆమె రాకపోతే సన్మానం ఎవరికి చేసేది?"

"దొరసానికి చెయ్యండి. మెడలో దండ వెయ్యండి. ఆమెకూ సంతోషంగా ఉంటుంది."

అమల్దారు గారు అక్కడే కూర్చున్న నా వంక చూశారు. నేను గోడకున్న క్యాలెండరు వంక చూశాను.

మర్నాడు అమల్దారు గారు, శేకుదారు, నేను జట్కాలో కెంచార్లహళ్ళికి బయలుదేరాం. సర్కారు జట్కా ఊళ్ళోకి రావడం చూసి, వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ఒక ఆడమనిషి కొంగు దోపుకుని, మట్టి చేతులతోనే గట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. ఊపిరి తీసుకోకుండా అడిగింది.

"యాడ ఉండాడంట సామీ?"

ఆమే మునిలక్ష్మమ్మ. అమల్దారు గారు జట్కాలోనే లేచి నిలబడి, తలపాగా సర్దుకుని, తాము తయారుచేసుకొచ్చిన మాట చెప్పారు.

"అమ్మా, నీ భర్త విషయంలో మైసూరు సర్కారు, బ్రిటిష్ సర్కారు రెండూ తీవ్రమైన దుఃఖంలో ఉన్నాయి."

"ఏల సామీ?" అన్నది ఆమె బెదిరిపోయి. "ఏమయింది వాళ్ళకి?"

అప్పుడు చూశారు అమల్దారు గారు ఆమె మొహాన్ని. రాగి కాసంత బొట్టు. చేతుల నిండా గాజులు. మెడలో తాళి. వారు శేకుదారు వైపు తిరిగి "ఎవరిని చూపించావయ్యా నాకు?" అన్నారు.

"ఈమే సామీ. నిరుడు తంతి వచ్చింది. నేనే చదివి చెప్పినాను."

అరుగు మీద రాగులు చెరుగుతున్న ముసలమ్మ చేట కింద పెట్టింది. ఆమె మునినారాయణ తల్లి చౌడమ్మ.

"చెప్పినావులేప్పా," అన్నది శేకుదారుతో. "కనబళ్ళేదు, పొయ్యినట్టు అనుకుంటాండాము అని చెప్పినావు. వాళ్ళు అనుకుంటే అనుకోనీ, మేము అనుకోలే. మా ఎద్దు చింతామణి సంతలో తప్పిపోతే అదీ కనబళ్ళేదనిరి. దానంతట అదే ఇల్లు ఎతుక్కోని వచ్చె."

"అమ్మా, ఎద్దు వేరు, సిపాయి వేరు," అన్నారు అమల్దారు గారు ఓపికగా.

"ఎద్దుకుండే తెలివి నా కొడుక్కి లేదా సామీ? మా కులపెద్దలూ పొయ్యినాడనే అనిరి. మనిషి దొరక్కపోతే గడ్డితో బొమ్మ చేసి కాల్చేది మా వాడిక. కాల్చినంక కోడలి బొట్టు చెరపాల. నేను కట్టె ఇయ్యనంటిని. సింగపూరులో ఉండే నా కొడుకుని కెంచార్లహళ్ళిలో గడ్డేసి కాల్చేదేంది?"

దీనికి జవాబు సర్క్యులర్‌లో లేదు. అమల్దారు గారు సన్మానం సంగతి చెప్పారు. మునిలక్ష్మమ్మ అంతా విన్నది. మెడల్ మాట ఆమె చెవిన పడినట్టే లేదు.

"ఆ దొర పట్టాళం దొరేనా సామీ?"

"కర్నల్ దొర. పెద్ద అధికారి."

"అయితే వస్తాను. మా ఇంటాయన్ని ఎతికించమని అడుగుతాను. పొయ్యిండాడని తేలేదాకా పొయ్యినాడని ఎవరూ చెప్పకూడదని సర్కారే చెప్పాల. మా ఊరోళ్ళు నా మాట వినరు, సర్కారు మాట వింటారు. ఆ ఒక్క మాట చాలు నాకి."

తిరుగు ప్రయాణంలో గుర్రానికి నీళ్ళు పెట్టేటప్పుడు అమల్దారు గారు ఒక్కసారిగా నా తొడ మీద చరిచారు.

"ప్రెస్! గమనించావా? కాగితం మీద విధవరాలు, మొహం మీద ముత్తైదువ! సర్కారుకు కాగితం చాలు, మా ఇంట్లో మొహం చాలు. ఇట్లాంటి వీరపత్ని మైసూరు సంస్థానంలో ఇంకే తాలూకాకైనా ఉందా?"

లేదని నేను ఒప్పుకున్నాను. ఇంటికెళ్ళి చెబితే అంబుజాక్షమ్మ గారు అడిగింది ఒకటే.

"బొట్టుందా?"

"ఇంతుంది."

"అయితే రమ్మనండి."

సర్వం కుదిరింది. దసరా దర్బారులో తమకు ఏ బిరుదు వస్తే బాగుంటుందో అమల్దారు గారు నన్ను సలహా కూడా అడిగారు. ఇంతలో గురువారం బస్సులో బెంగళూరు నుంచి ఫోటోగ్రాఫరు దిగాడు. వెంట ఒక ఉత్తర్వు తెచ్చాడు. ఈ సన్మానం ఫోటోను పాంప్లెట్లుగా అచ్చు వేసి సంస్థానమంతా పంచబోతున్నారు, కాబట్టి ఫోటోలో వీరపత్ని దుఃఖం స్పష్టముగా కనబడవలెను.

రిహార్సలుకు మునిలక్ష్మమ్మను తాలూకా కచేరికి పిలిపించారు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కింద తల దూర్చి చూసి, బయటికి తీసి, "ఈమె పెళ్ళికొచ్చినట్టుంది సార్," అన్నాడు.

"అమ్మా, కాస్త ఏడువు," అన్నారు అమల్దారు గారు.

"ఏడ్చేకి ఏమయింది సామీ?"

"పోనీ, ఆ బొట్టు తుడిచేసి నిలబడు. ఒక్క ఫోటో కోసమే. ఆ బాక్సు టక్కుమనగానే మళ్ళీ పెట్టుకో."

మునిలక్ష్మమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఒకతూరి చెరిపితే మా ఊర్లో మళ్ళా పెట్టుకోనిస్తారా సామీ? సర్కారే చెరిపించింది, ఇంక ఆయప్ప లేనట్టే అంటారు. పొద్దు గుంకేలోపల బొమ్మ కాలుస్తారు. బొమ్మ కాల్చినంక ఆయప్ప నిజంగా వచ్చినా ఊర్లోకి రానీరు. చచ్చినోడు దయ్యమై వచ్చినాడని తరుముతారు. నడుచుకోని ఇల్లు చేరినోణ్ణి మేమే తరమాల్నా?"

అమల్దారు గారు చాలా దయగల మనిషి. కొంగు ముందుకు లాక్కోమన్నారు. ఫోటోగ్రాఫరు మొహం కనబడదన్నాడు. వెనకనుంచి తియ్యమన్నారు. వెనకనుంచి చూస్తే ఎవరిదైనా దుఃఖంలాగే ఉంటుంది, ముందునుంచి కావాలన్నాడు. బొట్టు మీద బియ్యప్పిండి అద్దమన్నారు. అది విని మునిలక్ష్మమ్మ అరచేత్తో నుదురు మూసుకుని, మళ్ళీ చెయ్యి తియ్యలేదు.

"సరే, నువ్వు రావద్దు," అన్నారు అమల్దారు గారు చివరికి. "నీ బదులు ఇంకో మనిషిని చూసుకుంటాం."

"మరి దొరకి నా మాట ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను."

ఆమె వారి మొహం వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఇంకో మనిషి కోసం దూరం పోనక్కర్లేకపోయింది. కచేరి వసారా ఊడ్చే పుట్టమ్మ అక్కడే చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొగుడు ఏనాడో రోడ్డు పక్క సర్కారు చింతచెట్టెక్కి కాయలు దులుపుతూ కిందపడి పోయాడు. మొదట అమల్దారు గారు సందేహించారు గాని, శేకుదారు ధైర్యం చెప్పాడు.

"చెట్టు సర్కారుది కదా సామీ. సర్కారు చెట్టుమీదనే ప్రాణం వదిలినాడు."

"కాయలు దొంగిలించడానికి ఎక్కలేదు కదా?"

"వేలం పాడినోళ్ళ కూలికి ఎక్కినాడు."

"అయితే దోషం లేదు. పుట్టమ్మా, రేపు ఒక గంటసేపు నువ్వు మునిలక్ష్మమ్మవి. ఏడవాలి."

"ఏడుపు రాదు సామీ," అన్నది పుట్టమ్మ. "అప్పుడే అయిపోయింది అంతా."

"ప్రయత్నించు."

పుట్టమ్మ చీపురు పక్కన పెట్టి నిజాయితీగా ప్రయత్నించింది. మొహం వంకర పోయిందే గాని నీళ్ళు రాలేదు. ఫోటోగ్రాఫరు ఫరవాలేదు, దూరం నుంచి తీస్తానన్నాడు.

అంబుజాక్షమ్మ గారితో రాజీ ఇట్లా కుదిరింది. ముందు శంకుస్థాపన. తర్వాత ముత్తైదువలు హారతి ఇచ్చి అందరికీ కుంకుమ పెడతారు. అదంతా అయ్యాక పుట్టమ్మను పందిరి వెనకనుంచి పైకి తెచ్చి, మెడల్ వేయించి, మళ్ళీ వెనకనుంచే దింపేస్తారు. రాహుకాలం లోపల.

శుక్రవారం జనం బాగా వచ్చారు. కర్నల్ దొర ఎర్రగా, పొడుగ్గా ఉన్నాడు. దొరసాని మా ఊరి ఎండకు అంతకన్నా ఎర్రగా ఉంది. ఇద్దరూ అందరినీ చూసి నవ్వారు. నవ్వకూడదని టముకు వేయించినందువల్ల తిరిగి ఎవరూ నవ్వలేదు. చింతామణి జనం ఎంత దుఃఖంలో ఉన్నారో చూడమని దొర దొరసానితో అన్నట్టు నాకు వినిపించింది.

హారతికి పళ్ళేలు సర్దుతుండగా మహిళా సమాజానికి ఒక ముత్తైదువ తక్కువ పడింది. ఐదుగురు కావాలి, నలుగురే ఉన్నారు. పెద్ద బజారు శెట్టిగారి కోడలికి పొద్దున్నే దూరం కూర్చోవలసి వచ్చిందని కబురొచ్చింది. అంబుజాక్షమ్మ గారు పందిరి చుట్టూ కలియజూశారు. గుంజ పక్కన, ఉతికిన చీర కట్టుకుని, నుదుట రాగి కాసంత బొట్టుతో ఒక పల్లెటూరి ఆడమనిషి నిలబడి దొర వంకే చూస్తోంది. అంబుజాక్షమ్మ గారు ఆమెను అంతకు ముందు చూసి ఎరగరు.

"ఏమ్మా, ముత్తైదువవేనా?"

"అవునమ్మా," అన్నది మునిలక్ష్మమ్మ, గట్టిగా.

"అయితే రా. ఈ పళ్ళెం పట్టుకో."

ఆ విధంగా మునిలక్ష్మమ్మ కుంకుమ పళ్ళెంతో వేదిక ఎక్కింది. చూసిన అమల్దారు గారి మొహం పాలిపోయింది. అయితే అప్పటికే వారు ఇంగ్లీషులో ఉపన్యాసం మొదలుపెట్టి ఉన్నారు. మధ్యలో ఆపితే ఇంగ్లీషు పోతుంది.

శంకుస్థాపన అయింది. హారతి అయింది. మునిలక్ష్మమ్మ వరుసగా కుంకుమ పెడుతూ వచ్చింది. దొరసాని ముచ్చటపడి నుదురు ముందుకు చాచి పెట్టించుకుంది. దొరకు కూడా పెట్టించింది. అప్పుడు వెనకనుంచి శేకుదారు పుట్టమ్మను తోశాడు. తెల్లచీరలో పుట్టమ్మ తల వంచుకుని వచ్చి నిలబడింది. అమల్దారు గారు పరిచయం చేశారు. దొరసాని కళ్ళు తడి చేసుకుని, మెడల్ తీసి పుట్టమ్మ భుజానికి గుచ్చి, ఆమెను కావలించుకుంది.

కావలించుకుని వదిలి, మొహం చూసింది. తర్వాత వేదిక మీద అందరి మొహాలూ చూసింది. అందరి నుదుటా ఎర్రగా బొట్టుంది. తన నుదుట ఉంది, తన మొగుడి నుదుట ఉంది, ఈ ఒక్క పేదరాలికే లేదు. మరిచిపోయారనుకుంది పాపం. మునిలక్ష్మమ్మ వైపు తిరిగి, ఈమెకు కూడా పెట్టమని వేలితో చూపించింది.

అంబుజాక్షమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మునిలక్ష్మమ్మ పుట్టమ్మను చూసింది, పుట్టమ్మ మునిలక్ష్మమ్మను చూసింది. పుట్టమ్మ వెనక్కి జరుగుతుందనుకున్నాను. జరగలేదు. మునిలక్ష్మమ్మ పళ్ళెంలో వేలు ముంచి, తన బొట్టు ఎంత ఉందో అంత బొట్టు, తొందర పడకుండా, గుండ్రంగా పెట్టింది.

నిన్నంతా రాని ఏడుపు పుట్టమ్మకు అప్పుడు వచ్చింది. జలజలా కన్నీళ్ళు కారాయి. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కిందనుంచి "బ్యూటిఫుల్!" అని అరిచాడు. టక్కుమంది.

ఆ సందులో మునిలక్ష్మమ్మ దొర ముందుకు వెళ్ళింది.

"సామీ, మా ఇంటాయన మునినారాయణ మీ పట్టాళంలోనే ఉండాడు. సింగపూరు తట్టు పొయ్యినాడు. యాడుండాడో ఎతికించండి సామీ. పొయ్యినాడని మాత్రం ఎవరూ చెప్పకూడదని ఒక మాట చెప్పండి."

దొర అమల్దారు గారి వంక చూశాడు.

"చక్రవర్తిగారు చిరకాలం వర్ధిల్లాలని కోరుతోంది," అని అమల్దారు గారు ఇంగ్లీషులో చెప్పారు.

దొర సంతోషించి ఆమెకు సెల్యూట్ చేశాడు. మునిలక్ష్మమ్మ అది తన మాటకు జవాబనుకుంది. రాహుకాలం వచ్చింది.

సన్మానం అద్భుతంగా జరిగిందని నేను రాశాను. చక్కగా అచ్చయింది. నెల తిరక్కముందే పాంప్లెట్లు కూడా వచ్చాయి. కన్నీళ్ళు ఎంత స్పష్టంగా పడ్డాయో, నుదుటి మీద బొట్టు అంతకంటే స్పష్టంగా పడింది. కింద "వీరపత్ని మునిలక్ష్మమ్మ, చింతామణి తాలూకా" అని పెద్ద అక్షరాలు. ఆ పాంప్లెట్టుతో పాటు కోలారు నుంచి డిప్టీ కమిషనర్ గారి మెమో కూడా వచ్చింది. ఫోటోలోని స్త్రీ విధవరాలైతే కుంకుమ ఎందుకు? విధవరాలు కాకపోతే మెడల్ ఎందుకు? వెంటనే సంజాయిషీ పంపవలెను.

అమల్దారు గారికి ఆ రోజు భోజనం సయించలేదు.

"నిజం రాసేస్తే?" అన్నాను నేను, మాటవరసకు.

"ఏ నిజం? చింతచెట్టు నిజమా? ఉద్యోగం పోతుంది."

"విధవరాలికి దొరసాని బొట్టు పెట్టించిందని రాస్తేనో?" అన్నాడు శేకుదారు.

"దొరసానిదే తప్పని రాస్తే ఉద్యోగం ఇంకా తొందరగా పోతుంది."

వారు వసారాలో అటూ ఇటూ తిరిగారు. తిరిగి తిరిగి గుమ్మం దగ్గర ఆగారు. మహానుభావులకు ఆలోచన వచ్చేటప్పుడు మొహం ఎట్లా వెలిగిపోతుందో నేను ఆ రోజే చూశాను.

"వెంకటేశప్పా, ఆ తంతిలో ఏముంది? పోయాడని ఉందా?"

"పొయ్యినట్టు అనుకుంటాండాము అని ఉండాది సామీ."

"అనుకున్నారు! అనుకోవడం రూఢి అవుతుందా? రాయి. సదరు సిపాయి మునినారాయణ మరణము ఇంతవరకు రూఢి కాలేదు. కాబట్టి అతని భార్య కుంకుమ ధరించుట సక్రమమే. సర్కారు దృష్టిలో అతడు జీవించియున్నాడు. పొరబాటున ఇచ్చిన మెడల్ వాపసు పంపుతున్నాము."

సంతకం చేసి మొహరు వేయించారు. అంతటితో ఆగకుండా, రేపు ఎవరైనా విచారణకు వస్తే ఊరంతా ఒకే మాట చెప్పాలి గనక, కెంచార్లహళ్ళిలో టముకు వేసి రమ్మని ఈరప్పను పంపారు. పుట్టమ్మ దగ్గర మెడల్ తీసుకున్నారు. ఆమె మారు మాట్లాడకుండా ఇచ్చేసింది. బొట్టు మాత్రం ఉంచుకుంది. రోజూ పొద్దున్నే బొట్టు పెట్టుకుని వచ్చి కచేరి ఊడుస్తోంది.

"ఇంకా ఎందుకే ఆ బొట్టు?" అని శేకుదారు గద్దిస్తే ఆమె అన్నది ఇదీ: "సర్కారు సభలో, దొరసాని ముందర పెట్టినారప్పా. చెరపాలంటే సర్కారు కాగితం ఇయ్యండి."

ఆ కాగితం ఏ శాఖవారు ఇవ్వాలో కచేరిలో ఎవరికీ తెలియదు.

ఈరప్పతో పాటు శేకుదారూ నేనూ కూడా కెంచార్లహళ్ళికి వెళ్ళాం. చావడి ముందర ఈరప్ప టముకు కొట్టాడు.

"వినండప్పో వినండి! మునినారాయణ బతికుండాడని సర్కారోళ్ళు చెప్తాండారు! ఎవరూ గడ్డిబొమ్మ కాల్చకూడదు! పొయ్యినాడని ఎవరూ అనకూడదు!"

కులపెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, సర్కారే చెప్పాక మనదేముంది అని లేచి వెళ్ళిపోయారు. చేలోనుంచి మునిలక్ష్మమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ రోజులాగే మట్టి చేతులు, ఆ రోజులాగే ఊపిరి తీసుకోకుండా.

"దొర ఎతికించినాడా సామీ? యాడ ఉండాడంట?"

శేకుదారు నా వంక చూశాడు. తాలూకాలో ఎవరింట్లో ఏ గొడ్డు ఈనిందో తెలిసినవాడు. నేను ఈరప్ప వంక చూశాను. ఈరప్ప టముకు తోలు బిగించుకుంటున్నాడు.

"యాడుండేది కాగితంలో లేదమ్మా," అన్నాడు శేకుదారు చివరికి.

మునిలక్ష్మమ్మ మట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పోన్లేప్పా. బతికుండాడని చెప్పినారు కదా. యాడుంటే ఏమి, వచ్చేకి దోవ ఆయప్పకి తెలుసు." చౌడమ్మ లోపలికి వెళ్ళి బెల్లం దంచడం మొదలుపెట్టింది.

సాయంత్రం మేము బయలుదేరేసరికి అరిటాకులో కట్టిన ఓళిగలు జట్కాలో పెట్టారు. అమల్దారు సామికి ఇయ్యండి, ఇంత మేలు ఎవరూ చెయ్యలేదని చెప్పండి అన్నది మునిలక్ష్మమ్మ. అవి వారికి అందేసరికి ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అమల్దారు గారు ఒకటి తిని, బెల్లం దొరకని ఈ రోజుల్లో ఇంత తీపి ఎట్లా వేశారో అని మెచ్చుకున్నారు. రెండోది చేతిలోకి తీసుకున్నాక వారి మొహం కాస్త దిగులు పడింది.

"ఏం సార్?" అన్నాను.

"ఏముందయ్యా ప్రెస్! ఉన్న ఒక్కడూ బతికొచ్చాడు. వచ్చే ఏడు సన్మానానికి మన తాలూకాకు ఒక్కరూ లేరు." వారు ఓళిగ తుంచి నోట్లో వేసుకుని, శేకుదారు వైపు తిరిగారు. "వెంకటేశప్పా, బాగేపల్లివాళ్ళకు ఇద్దరున్నారన్నావు కదా. ఒకామెను బదిలీ మీద అడుగుదామా?"